బావిగట్టున జలశాస్త్ర పరిభాష

నూజివీడు మామిడితోటలకు కృష్ణానది ఎంతో దూరం కాదు. అయినా డెల్టా కాలువల నీరు ఈ మెట్టకు ఎక్కదు. బంగినపల్లికైనా, చిన్నరసానికైనా ఇక్కడ ఆధారం వాన, చెరువు, బోరుబావి. తెలుగు పాఠ్యపుస్తకాలలోని జలశాస్త్ర పదాలను పరీక్షించి చూడడానికి ఇంతకంటె తగిన చోటు దొరకదు. ఒక పదం విద్యార్థికి పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టవచ్చును. కాని అది అతని మనసులో ఎటువంటి బొమ్మ కడుతున్నదో కూడా చూడవలసి ఉన్నది.

ముందుగా "భూగర్భజలం" సంగతి. ఇది ప్రభుత్వశాఖ పేరులోకి కూడా ఎక్కిన మాట. గర్భం అనగానే బాలునికి ఒక సంచి, ఒక గుహ, అందులో దాగిన కొలను స్ఫురిస్తవి. నేల కింద చెరువును గీసి చూపే విద్యార్థి తప్పు చేసినవాడు కాడు, పదాన్ని నమ్మినవాడు. బావిగట్టు మీదకు వెళితే అక్కడ మరొక మాట వినబడుతుంది: "జల పడింది". అక్కడివారి ఊహలో నేలలోని నీరు శరీరంలో నరాలవలె పారుతుంది. కొబ్బరికాయ అరచేత పెట్టుకొని తిరిగేవాడు ఆ నరాన్ని పట్టి చూపుతాడు. పండితుని సంస్కృతమూ, పల్లెవాని ఉపమానమూ ఇక్కడ ఒకే పొరపాటుతో చేతులు కలిపినవి.

వాస్తవం వేరు. సున్నపురాతి గుహలవంటి కొన్ని చోట్ల తప్ప, నేలలోని నీరు కొలనుగా నిలవదు, ఏరుగా పారదు. ఇసుక రేణువుల సందులలోను, శిథిలమైన రాతిలోను, రాతి పగుళ్లలోను నిండి ఉంటుంది. చాలాచోట్ల రోజుకు ఒక అడుగు కూడా కదలదు. నరమే అయితే దొరికించుకొన్నవాడు అదృష్టవంతుడు, ఆ నీరు అతని సొంతం. నీరు నిండిన పొర అయితే, ఒక తోటలో బోరు అదేపనిగా తోడగా పక్కతోటలో మట్టం దిగుతుంది. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం ప్రజల తాగునీటి బావికి 250 మీటర్లలోపు అనుమతి లేనిదే కొత్త బావి తవ్వరాదన్నది. నరాన్ని నమ్మినవానికి ఈ 250 మీటర్లు అధికారుల చాదస్తంగా కనిపించడంలో వింత ఏమున్నది? "భూజలం" అంటే చాలును. పొట్టిగానూ ఉన్నది, గర్భం బెడదా లేదు.

ఇంత ఇబ్బంది అవసరం లేకుండా పాఠం చెప్పగల మాట తెలుగులో ఎప్పటినుంచో ఉన్నది. వేసవిలో ఎండిన వాగు ఇసుకలో చెలమ తీస్తే, రెండు మూడు అడుగులలో తడి, ఆ తరువాత ఊట, చివరకు ఒక మట్టాన నీరు నిలుస్తుంది. పక్కనే మరొకటి తీసినా దాదాపు అదే మట్టం. ఆ మట్టమే భూజలమట్టం. దానిపైన ఇసుక సందులలో గాలి కూడా ఉన్నది, దానికింద అంతా నీరే. చెలమలో నీటిని తోడి చూస్తే, చుట్టూ ఉన్న ఇసుకనుంచి అది మెల్లగా తిరిగి ఊరడం కూడా కనబడుతుంది. పుస్తకాలు ఈ చెలమను విడిచి, జలాశయానికి వాడే "నీటిమట్టం" అన్న మాటనే ఇక్కడా వాడి ఊరుకొంటున్నవి.

అయితే వాడుకమాటలే అన్నిటికీ సరిపోతవని వాదించడం కూడా సబబు కాదు. "సచ్ఛిద్రత", "పారగమ్యత" అన్నవి నోరు తిరగని పదాలే. కాని వాటిని తీసివేయరాదు. బంకమట్టిలో సందులు ఎక్కువ, నీరు చాలా పట్టుతుంది, కాని వదలదు. ఇసుక పట్టిన నీటిని సులువుగా వదులుతుంది. పట్టడం, పోనివ్వడం వేరువేరు గుణాలని వాడుకభాష తేల్చి చెప్పలేదు. 1856లో ఫ్రాన్సులోని దిజాన్ నగరంలో హెన్రీ డార్సీ ఇసుకగుండా నీటిని పంపి, కొలిచి చెప్పిన సూత్రానికి ఆ రెండవ గుణమే మూలం.

అన్నిటికంటె ప్రమాదకరంగా చెడిపోయిన మాట "పరీవాహక ప్రాంతం". ఏ నేలపై పడిన వాన ఒక ఏటికి చేరుతుందో, ఆ నేల అంతా దాని పరీవాహక ప్రాంతం. పత్రికలు మాత్రం "పరీవాహక ప్రాంత ప్రజలు జాగ్రత్తగా ఉండాలి" అని వ్రాస్తూ, ఏటిగట్టున ఉండే పల్లపు పేటలకు ఆ పేరు అంటగట్టినవి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలో అజిత్‌సింగ్ నగర్ వంటి పేటలను ముంచింది. ఆ నీరంతా ఆ పేటలలో కురిసినది కాదు. మైలవరం వైపు కొండవాగులు మోసుకొని వచ్చినది. మునిగినది ముంపు ప్రాంతం, పంపినది పరీవాహక ప్రాంతం. రెండింటికీ ఒకే పేరు పెడితే, కొండమీద వాన కురుస్తుంటే పల్లంలో ఎండ చూసి నిశ్చింతగా ఉండేవానికి హెచ్చరిక ఎట్లా అందుతుంది?

ఈ మెట్టనుంచి దిగిన రామిలేరు, తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలుస్తవి. కొల్లేరు ఉప్పుటేరుగుండా బంగాళాఖాతానికి పోతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు ఎదురెక్కుతుంది, పాటులో వెనుకకు తీస్తుంది. తీరంలో చేపలవేటకు పోయే పిల్లవానికి కూడా తెలిసిన ఈ జంటమాటలకు పుస్తకాలలో శీర్షిక "వేలాతరంగాలు". శాస్త్రరీత్యా అది మహా పొడవైన తరంగమే, తప్పు పట్టలేము. కాని తరంగం అనగానే విద్యార్థి గాలికి లేచే కెరటాన్ని తలుస్తాడు, చంద్రుణ్ణి తలవడు. పోటుపాట్లను శీర్షికలోకి తెచ్చి, వేలాతరంగాన్ని పాఠం మధ్యలో వివరిస్తే సరిపోతుంది.