యజమానికి చేబదులు

సంస్థ కష్టాల్లో ఉంది, జీతాల్లో కోత తప్పదు అని పైనుంచి కబురొచ్చిన రోజు ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. క్యాంటీన్‌లో మాత్రం రెండు వాదాలు బయల్దేరతాయి. ఇన్నాళ్లు అన్నం పెట్టిన సంస్థను కష్టకాలంలో వదిలిపోతే ఎలా అంటారొకరు. లాభాలొచ్చిన ఏడాది నాకేమైనా వాటా ఇచ్చారా, నష్టం మాత్రం నేనెందుకు పంచుకోవాలి అంటారింకొకరు. పత్రికల డెస్కుల్లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి రెండూ విన్నాను. రెండింట్లోనూ నిజముంది. లెక్క మాత్రం దేంట్లోనూ లేదు.

నా దృష్టిలో జీతం కోతకు తలూపడమంటే యజమానికి చేబదులు ఇవ్వడమే. తెలిసినవాళ్లు వచ్చి యాభై వేలు అడిగితే ఎందుకు, మళ్లీ ఎప్పుడిస్తావు, ఇంకెవరిని అడిగావు అని ఆరా తీస్తాం. అలా అడిగినంత మాత్రాన స్నేహాలు చెడిపోవు. ఆఫీసు అడిగినప్పుడే మనకు నోరు రాదు.

ప్రభుత్వాలకు కూడా ఈ లెక్క తప్పలేదు. 2020 మార్చి చివర్లో, లాక్‌డౌన్ మొదలైన వారానికే తెలంగాణ ప్రభుత్వం ప్రజాప్రతినిధులకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి వారికి 10 శాతం జీతం ఆపింది. ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు ఇదే దారి పట్టి, దానికి వాయిదా అని పేరు పెట్టింది. ఏపీ వ్యవహారం కోర్టుకెక్కింది. ఆపిన సొమ్మును 12 శాతం వడ్డీతో ఇవ్వమంది హైకోర్టు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, అసలు వడ్డీయే అక్కర్లేదనలేదు. ఆపిన జీతం బాకీయేనని దీంతో తేలిపోయింది. ఆ కోత ఉత్తర్వుల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పైవాళ్లకు ఎక్కువ కోత, కిందివాళ్లకు తక్కువ. ఏ ఆఫీసులోనైనా ముందు చూడాల్సింది అదే. అటెండర్‌కూ డైరెక్టర్‌కూ ఒకే శాతం కోత పెట్టి దాన్ని సమానత్వం అనేవాళ్లను నమ్మకండి.

2020 వేసవిలోనే మా పత్రికకూ ఆ కష్టం వచ్చింది. జిల్లా ట్యాబ్లాయిడ్లు మెయిన్ ఎడిషన్‌లో కలిసిపోయాయి. జీతాలు తగ్గాయి. ‘‘ఎన్నాళ్లు సార్?’’ అని ఎడిటర్‌ను అడిగాను. ‘‘అది నాకే చెప్పలేదమ్మా’’ అన్నారాయన. ఆ నిజాయితీకి గౌరవం కలిగింది కానీ, దానితో ఇంటి అద్దె కట్టలేం కదా. తగ్గించింది ఎంత, ఏ నెల వరకు, మళ్లీ ఇస్తారా ఇవ్వరా అన్నది రాతపూర్వకంగా కావాలని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాం. జవాబు వచ్చింది. నేను ఉండిపోయాను.

ఉండిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా వృత్తిలో సంస్థ నాడి తెలియాలంటే ఎండీ గారి ప్రసంగం వినక్కర్లేదు, రేపటి పేజీల డమ్మీ చూస్తే చాలు. యాడ్స్ తిరిగొస్తున్నాయా లేదా అన్నది అందులో కనబడిపోతుంది. వస్తున్నాయనిపించింది. నా పక్క సీటు మిత్రుడు మాత్రం వెళ్లిపోయాడు. అతనికి ఇంటి ఈఎంఐ ఉంది, తండ్రికి డయాలసిస్ నడుస్తోంది. విశ్వాసం లేనివాడన్నారు కొందరు. చేతిలో లేనివాడు చేబదులు ఎక్కణ్నుంచి తెచ్చిస్తాడు?

సంస్థలో నిజంగా పనుందా అన్నది ఎంత ముఖ్యమో సత్యం ఉదంతం చెబుతుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో మోసం జరిగిందని దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడ్డప్పుడు హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లు వణికిపోయాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయినా ఉద్యోగుల్లో ఎక్కువమంది పనిచేస్తూనే పోయారు. కేంద్రం కొత్త బోర్డును వేసింది, ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. లెక్కల్లో చూపిన డబ్బు అబద్ధమే గానీ, చేస్తున్న పని, దానికి డబ్బిచ్చే క్లయింట్లు నిజం. ఉన్నవాళ్లను నిలబెట్టింది అదే.

జెట్ ఎయిర్‌వేస్ కథ ఇందుకు తలకిందులు. జీతాలివ్వకపోతే 2019 ఏప్రిల్ 1 నుంచి విమానాలు నడపబోమని పైలట్ల సంఘం హెచ్చరించి, సంస్థ బతుకుతుందన్న ఆశతో ఆ నిర్ణయాన్ని వాయిదా వేసుకుంది. ఏప్రిల్ 17న సంస్థే మూతపడింది. 2024 నవంబర్‌లో దాన్ని లిక్విడేట్ చేయమని సుప్రీంకోర్టు చెప్పేదాకా బాకీల కోసం ఎదురుచూపులే. దివాలా చట్టంలో కార్మికుల 24 నెలల బకాయికి బ్యాంకుల సరసన చోటుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయి వరకే, అదీ బ్యాంకుల తర్వాత. అంటే చేబదులిచ్చిన మనం వరసలో వెనక నిలబడతాం.

పైకి కనబడని కోత మరొకటి ఉంది. గ్రాట్యుటీకి ఆధారం చివరగా అందుకున్న వేతనం. ఏడాదికి 15 రోజుల చొప్పున, నెలను 26 రోజులుగా లెక్క కడతారు. 15 ఏళ్ల సర్వీసుకు, 26 వేల వేతనం మీద 2,25,000 రూపాయలు వస్తాయి. అదే వేతనాన్ని 25 శాతం తగ్గించాక రాజీనామా చేస్తే వచ్చేది 1,68,750. కోత ఏవో కొన్ని నెలలదే అనుకుంటాం, అది పదిహేనేళ్ల వెనక్కి వెళ్లి కోసుకొస్తుంది. కాబట్టి గ్రాట్యుటీకి లెక్కేసే వేతనంలో కోత పెడుతున్నారా, వేరే పద్దులోనా అని అడగండి.

ఇంతా చెప్పుకున్నది చేతిలో కాగితం ఉన్నవాళ్ల గురించి. కరోనా కాలంలో ప్రైవేటు స్కూళ్ల టీచర్లలో ఎందరికో పూర్తిగా జీతమే లేదు. కూరగాయలమ్మినవాళ్లున్నారు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2 వేలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. నియామక పత్రం, పేస్లిప్ లేని ఉద్యోగంలో విశ్వాసం చూపినా, చూపకపోయినా తర్వాత బాకీ నిరూపించుకోవడం చాలా కష్టం.

ఉండాలా, వెళ్లాలా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. పైవాళ్లు మీకన్నా ఎక్కువ వదులుకుంటే, గడువు కాగితం మీద ఉంటే, చేయడానికి నిజంగా పనుంటే, మీ ఇల్లు తట్టుకోగలిగితే ఆ గడువు వరకూ ఉండండి. వీటిలో ఒక్కటి లేకపోయినా వేరే ఉద్యోగం వెతకండి, నోటీసు పీరియడ్ శుభ్రంగా పూర్తిచేసి, పని అప్పజెప్పి వెళ్లండి. గడువు దాటాక మళ్లీ ఓపిక పట్టమంటే దాన్ని కొత్త చేబదులుగా లెక్కపెట్టి, మొదటి ప్రశ్నలన్నీ మళ్లీ అడగండి. ఈలోగా పాత పేస్లిప్పులన్నీ డౌన్‌లోడ్ చేసి ఇంట్లో పెట్టుకోండి. ఆఫీసు లాగిన్ ఆగిపోయాక అవి దొరకవు.