పైకీ కిందికీ మాత్రమే: ‘ఘాజీ’ పనితనం

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ హార్బరు ముఖద్వారానికి అవతల సముద్రంలో పెద్ద పేలుడు జరిగింది. ఊళ్ళో కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత జాలర్లకి నీటి మీద నూనె తెట్టు, తేలుతున్న సామాన్లు కనబడ్డాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, లోపలున్న 90 మందికి పైగా నావికులతో సహా మునిగిపోయింది. ఇక్కడివరకూ ఎవరికీ పేచీ లేదు. ఎలా మునిగిందన్న దగ్గరే కథలు మొదలవుతాయి.

మొదటి కథ చెప్పినాయన అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన పుస్తకం ‘నో వే బట్ సరెండర్’ చదువుతుంటే ఇదంతా ఒక నాటకం ఏర్పాటులా ఉంటుంది. ఘాజీ వేటాడ్డానికి వచ్చింది విక్రాంత్‌ని. ఆ విమాన వాహక నౌకని గుట్టుగా అండమాన్ వైపు పంపేశారు. అది విశాఖలోనే ఉందన్న భ్రమ కల్పించడానికి ఇక్కడి కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు పెద్దఎత్తున ఆర్డరిచ్చారు. ఊళ్ళో ఏ గూఢచారి ఉన్నా సరుకుల లెక్క చూసి విక్రాంత్ వచ్చిందనుకోవాలన్నమాట. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ వేషం వేయించి, వైర్‌లెస్‌లో పెద్ద నౌక మాట్లాడినట్టు మాట్లాడించారు. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రాజ్‌పుత్‌ని హార్బరు దాటించగానే నీళ్ళలో అలజడి చూసి రెండు డెప్త్ ఛార్జీలు వదిలాడు. కాసేపటికి ఆ పేలుడు. పాకిస్తాన్ మాత్రం ఇది ప్రమాదమంటుంది: తను పెట్టిన మైనే తగిలిందో, లోపలే ఏదో పేలిందో. లోపలివాళ్ళు ఒక్కరూ బతకలేదు కాబట్టి ఆ చివరి క్షణం చూసి చెప్పగలవాళ్ళు లేరు.

సాక్షి లేని ఆ చోటునే దర్శకుడు సంకల్ప్ రెడ్డి పట్టుకున్నాడు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని చూడడంతో ఆయన ఊహ మొదలైంది. ఆ ఊహ ముందు ‘బ్లూ ఫిష్’ అనే పుస్తకమై, 2017 ఫిబ్రవరి 17న ‘ఘాజీ’ సినిమాగా వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి కూడా పొందింది. బహుమతి సంగతి అలా ఉంచి, కథ కట్టిన తీరు చూద్దాం.

రాజ్‌పుత్ కథనం తీసుకుంటే సినిమా పది నిమిషాల్లో అయిపోతుంది. ప్రమాదం కథనం తీసుకుంటే కథానాయకుడే ఉండడు. అందుకని సంకల్ప్ రెడ్డి రెండిటినీ పక్కన పెట్టి మూడోది అల్లాడు. ఎస్-21 అనే భారత జలాంతర్గామి రహస్యంగా బయల్దేరింది, దాని పని రికార్డుల్లోకి ఎక్కలేదు అన్నాడు. చరిత్రలో ఉన్న ఖాళీకే కథలో కారణం చెప్పాడు. ‘మరి ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదేం?’ అని అడిగేవాడికి జవాబు కథలోనే ఉంది. చారిత్రక కల్పన రాసేవాళ్ళు నేర్చుకోవలసిన ఒడుపు ఇది. మన నౌకాదళంలో ఎస్-21 నిజానికి అప్పట్లో కరంజ్ సంఖ్య; దానికి ముందు సంఖ్య, ఎస్-20, బీచ్‌లో ఉన్న కురుసురది.

రెండో ఒడుపు ఇంకా మెచ్చుకోదగ్గది. సగం కథ నడిచాక ఎస్-21 మైనుకి తగులుతుంది. ఇక ముందుకీ వెనక్కీ కదల్లేదు. పైకి తేలగలదు, కిందికి మునగగలదు, అంతే. చేతిలో ఉన్నదంతా ఊడబెరికి ఒకే ఒక్క కదలిక మిగిల్చాడు. అక్కణ్ణుంచి యుద్ధమంతా లోతుల లెక్క. టార్పెడో వస్తోంది, దిగు. మళ్ళీ వస్తోంది, లే. జలాంతర్గామి గురించి ఏమీ తెలియని ప్రేక్షకుడికి కూడా రెండు నిమిషాల్లో ఆట నియమాలు అర్థమైపోతాయి. పాటల్లేవు, డాన్సుల్లేవు. కెప్టెన్ ఆజ్ఞ ఇస్తే కింది అధికారి దాన్ని మళ్ళీ పలుకుతాడు, నావికుడు ఇంకోసారి పలుకుతాడు. ఇది నౌకాదళం పద్ధతే కావచ్చు గానీ, ఏం జరుగుతోందో మనకి వేరే వివరించాల్సిన పని లేకుండా చేసింది.

మనుషుల అమరికా అలాంటిదే. కొడుకుని పోగొట్టుకున్న కసితో ఆజ్ఞ కోసం ఆగని కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్ (కేకే మీనన్), ఆయన్ని అదుపులో పెట్టడానికి పంపిన అర్జున్ వర్మ (రానా), ఇద్దరి మధ్య నలిగే దేవరాజ్ (అతుల్ కులకర్ణి). కథ నడిమధ్యలో అర్జున్‌ని కాపాడుతూ కెప్టెన్ చనిపోతాడు. అంతదాకా నియమాలు వల్లించిన అర్జున్ ఆ కుర్చీలోకి రావాలి. ఇప్పుడు తనే కెప్టెన్‌లా ఆలోచించాలి. వాదనలో ఎవరు గెలిచారో ఒక్క డైలాగు లేకుండా తేలిపోతుంది. శరణార్థిగా వచ్చిన తాప్సీకి మాత్రం రచయిత పని చూపించలేదు. ఆ పాత్ర తీసేసినా కథలో మేకు కూడా ఊడదు.

ఇలాంటి ద్వంద్వ యుద్ధానికి పాత వంశమే ఉంది. బ్రిటిష్ నౌకాధికారి డి.ఎ. రేనర్ 1956లో ‘ది ఎనిమీ బిలో’ నవల రాశాడు. పైన డిస్ట్రాయర్, కింద జర్మన్ జలాంతర్గామి, ఇద్దరు కెప్టెన్ల ఎత్తులు పైఎత్తులు. మరుసటి ఏడాది హాలీవుడ్ దాన్ని సినిమా తీస్తూ బ్రిటిష్ నౌకని అమెరికన్ నౌక చేసేసింది. 1966లో టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ అదే కథని ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ పేరుతో అంతరిక్షంలోకి ఎక్కించింది. నీళ్ళలో దాక్కునే జలాంతర్గామి అక్కడ కంటికి కనబడకుండా మాయమయ్యే శత్రు నౌక అయింది. ఆ ఎపిసోడ్‌ని జేమ్స్ బ్లిష్ మళ్ళీ కథగా రాసి 1967లో పుస్తకంలో వేశాడు. ఆయన ముందు పెట్టుకున్నది తయారైన ఎపిసోడ్లు కావు, స్క్రిప్టులు. అవీ చాలాసార్లు తొలి ప్రతులు. అందుకే తెర మీద చూసినదానికీ పుస్తకంలో చదివినదానికీ అక్కడక్కడా తేడాలు వస్తాయి. మన ముళ్ళపూడి వెంకటరమణ రాసిన వెండితెర నవలలు ఎరిగినవాళ్ళకి ఈ వ్యాపారం కొత్త కాదు. సినిమా ఊరు దాటి వెళ్ళిపోయాక దాన్ని మళ్ళీ చూసుకునే దారి అప్పట్లో ఆ పుస్తకాలే.

నవల సినిమాగా, సినిమా టీవీ కథగా, టీవీ కథ మళ్ళీ పుస్తకంగా మారుతూ వచ్చినా, ఈ వంశంలో చెడకుండా వచ్చిన గుణం ఒకటుంది: శత్రు కెప్టెన్‌కి మర్యాద. ‘ఎనిమీ బిలో’లో జర్మన్ కెప్టెన్ యుద్ధంతో విసిగిపోయిన మనిషి. ‘స్టార్ ట్రెక్’లో ఆ శత్రు నౌకని నడిపే రోములన్ కమాండర్ తన పైవాళ్ళ తెలివితక్కువతనం తెలిసీ కర్తవ్యం చేసే మనిషి. అతను ఓడిపోతుంటే మనకి గెలుపు పూర్తిగా రుచించదు. ‘ఘాజీ’ ఇక్కడే తక్కువైంది. శత్రు కెప్టెన్ రజాక్ కళ్ళెర్రజేసి అరిచే ప్రతినాయకుడు. ఎస్-21 నావికులు పాడే జాతీయ గీతం వినబడితే చాలు, రెచ్చిపోయి తప్పు చేస్తాడు. అసలు ఘాజీ కరాచీ నుంచి ద్వీపకల్పమంతా చుట్టి ఇంతదూరం వచ్చింది. అంత దూరం రాగల పాకిస్తాన్ జలాంతర్గామి అప్పట్లో అదొక్కటే. దాన్ని నడిపినవాడు అంత తేలిగ్గా రెచ్చిపోయే మనిషై ఉంటాడా? ప్రత్యర్థిని చిన్నవాణ్ణి చేస్తే గెలుపు కూడా చిన్నదవుతుంది. అయినా ఒక్క విషయంలో దర్శకుణ్ణి మెచ్చుకోవాలి: చనిపోయిన అసలు కెప్టెన్ పేరు పెట్టకుండా కల్పిత నామం పెట్టాడు.

ఈ దర్శకుడే 2018 డిసెంబరులో నిజంగా అంతరిక్షంలోకి వెళ్ళాడు, ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’తో. వరుణ్ తేజ్ వ్యోమగామి. అదుపు తప్పిన మిహిర ఉపగ్రహాన్ని దారిలో పెట్టాలి. తీగల మీద మనుషుల్ని తేలించిన పని శ్రద్ధగా ఉంది. కానీ ‘ఘాజీ’ బిగువు రాలేదు. కారణం డబ్బు కాదని నా అభిప్రాయం. నీళ్ళలో పైకీ కిందికీ తప్ప దారిలేని ఓడ నుంచి ఎటైనా పోగల నౌకలోకి మారగానే కథ కూడా ఎటైనా పోవడం మొదలుపెట్టింది. మిహిర పని ముగిశాక నాయకుడు ఇంకో ఉపగ్రహం కోసం ఇంకా దూరం పోతాడు. అక్కడ పట్టు సడలింది.

తెర మీద ‘ఘాజీ’ చెయ్యలేకపోయిన పని ఒకటి పుస్తకానికి మిగిలే ఉంది. కెమెరా రజాక్ మొహం దగ్గర ఆగిపోయింది. అక్షరాలు ఆ ఇనప గొట్టం లోపలికి, పైకి తేలలేని నావికుల్లోకి వెళ్ళగలవు. విశాఖ కథకుల్లో ఎవరైనా ఇటువైపు ఎస్-21ని కాక, అటువైపు ఘాజీని ఎక్కి ఆ చివరి రాత్రి రాయాలి. ముడిసరుకు కృష్ణన్ పుస్తకంలో ఉంది, లోపలి ఇరుకెంతో కురుసురలో దూరి చూడొచ్చు. వెళ్ళేవాళ్ళు సోమవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు.