ఇంటి నన్నారి, ఇంటి సోడా

ఎండలు ముదిరాయంటే చెన్నై వీధుల్లో నన్నారి సోడాకు గిరాకీ. గ్లాసులో కాస్త నన్నారి పాకం, అరచెక్క నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, పైన చల్లటి సోడా. కానీ దాని అసలు రుచి తెలియాలంటే వేరు తెచ్చుకుని ఇంట్లో కాచుకోవాల్సిందే.

నన్నారి అంటే మన సుగంధిపాల. తుప్పల మీద పాకే సన్నటి తీగ, ఆకు మధ్యలో తెల్లటి చార. మైలాపూర్ కచేరీ రోడ్డులోని డబ్బా చెట్టి కొట్టు లాంటి నాటుమందుల కొట్లకు వెళ్తే ఎండువేర్లు దొరుకుతాయి. వాసనంతా బెరడులోనే ఉంటుంది. కొనేముందు గోటితో గీరి చూడండి, వెనిలాను తలపించే తీపి వాసన గుప్పున రావాలి. వేర్లను మట్టి పోయేలా కడిగి రోట్లో నలగ్గొడితే బెరడు చిట్లి విడిపోతుంది. లోపలి పుల్ల పారేయండి.

100 గ్రాముల బెరడు మీద అర లీటరు మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున పలుచటి గుడ్డలో వడకట్టి, కిలో పంచదార వేసి, అది కరిగేదాకా సన్న సెగ మీద ఉంచితే చాలు. తెర్లనివ్వకండి. ఆ పరిమళం ఆవిరితో పాటే పోతుంది. దించాక రెండు నిమ్మకాయల రసం పిండితే పాకం గడ్డకట్టదు.

ఇక పొంగు సంగతి. 1872లో లండన్ ఇంజనీరు హిరమ్ కాడ్ పేటెంటు పొందిన గోళీసీసాలో గ్యాసు ఒత్తిడే గోళీని మెడలోని రబ్బరు చుట్టుకు అదిమి పెడుతుంది. ఇంట్లోనైతే సోడా మిషను లేకుండానూ ఆ పొంగు తెప్పించవచ్చు. ఇంగ్లండులో ఎల్డర్ చెట్టు పూలను పంచదార నీళ్లలో వేస్తే, పూలనంటుకున్న ఈస్టే పానీయాన్ని పొంగిస్తుంది. మనకు ఆ పని అల్లం చేస్తుంది. తొక్కతో తురిమిన అల్లం, పంచదార నీళ్లలో వేసి రోజూ చెంచాడేసి రెండూ కలుపుతూ పోతే కొన్నాళ్లకు బుడగలు లేస్తాయి. ఆ నీళ్లు కొంచెం, పలచన చేసిన నన్నారిలో కలిపి ప్లాస్టిక్ సీసాలో పోయండి. చిక్కటి పాకంలో ఈస్టు పనిచేయదు. సీసా నొక్కితే గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. చెన్నై వేడికి గాజుసీసా పేలిపోవచ్చు. ఇందులో కొద్దిగా ఆల్కహాలు కూడా పుడుతుంది, పిల్లలకు మామూలు సోడాతోనే కలిపివ్వండి.

శేషాచలం కొండల్లో యానాదులు నన్నారి వాసనే ఉండే మారేడు తీగ గడ్డలు తవ్వి తెస్తారు. రాయలసీమ షర్బత్తుల్లోకి అవీ వెళ్తాయి. తవ్వకం మితిమీరడంతో ఆ తీగ అంతరించే ముప్పులో పడింది. పూవు కోస్తే చెట్టు మిగులుతుంది, వేరు తవ్వితే తీగే పోతుంది. అందుకే వేరును పొదుపుగా వాడాలి, దానికి న్యాయమైన ధర ఇవ్వాలి. మొదలున్న వేరుముక్క కుండీలో నాటితే సుగంధిపాల చిగురిస్తుంది. ఏటా పాకం కాచుకునే ఇంట్లో రెండు కుండీల తీగ పెంచడం అడవికి మనం తీర్చుకోదగ్గ బాకీ.