సుందర్‌లాల్ నివేదిక: ఒక దైవశాస్త్ర విమర్శ

రాజ్యం కూలినప్పుడు పొరుగువారే శత్రువులగుట అనగానే 1990ల నాటి యుగోస్లావియా మనకు గుర్తుకు వస్తుంది. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ప్రజలు కలిసి బ్రతికిన హైదరాబాదు సంస్థానం 1948 సెప్టెంబరులో కూలినప్పుడు జరిగినది మాత్రం మన సంఘాలలో అరుదుగా వినిపిస్తుంది.

ఆ ఏడాది చివర పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ తదితరులు సంస్థానంలో పర్యటించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. పోలీసు చర్య కాలంలోను, ఆ తరువాతను 27 వేల నుండి 40 వేల మంది మరణించారని వారి అంచనా. మృతులలో అత్యధికులు ముస్లింలు. మిక్కిలి నష్టపోయిన నాలుగు జిల్లాలలో గుల్బర్గా ఒకటి. 1956లో ఆ జిల్లా నుండి విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవే తాండూరు, కొడంగల్ తాలూకాలు. కనుక వికారాబాదు, తాండూరు సేవకులకు ఇది దూరపు చరిత్ర కాదు.

నివేదిక రజాకార్ల దౌర్జన్యాలను దాచలేదు. అంతమాత్రాన ప్రతీకారాన్నీ కప్పిపుచ్చలేదు. ముస్లిం నేతగాండ్రను కాపాడుటకు హిందూ నేతగాండ్రు ప్రాణాలొడ్డిన సంగతి కూడా చెప్పింది. ఇదే దాని బలం. అయితే బృందం తిరిగినది 16 జిల్లాలలో 9 మాత్రమే. కాబట్టి ఆ అంకెలను అంచనాగానే గ్రహించాలి. పైగా దశాబ్దాలపాటు అది ప్రజలకు అందలేదు.

మా అభ్యంతరం నివేదికపై కంటే దానిని చదివే తీరుపైనే. ఒకరు రజాకార్లను మాత్రమే, మరొకరు ప్రతీకారాన్ని మాత్రమే ఎత్తిచూపుతారు. కయీనును దేవుడు అడిగినది లెక్క కాదు, తమ్ముని గూర్చి. ఆ ప్రశ్న ఇరుపక్షాలకూ చెందుతుంది. దానిని వినిపించని ప్రసంగం సమాధానపరచదు. ఒక పక్షాన చేరుతుంది.