ఖాళీ గదిని కొలిచిన కన్ను

బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు. నిజాం కాలపు నవాబు సర్ ఆస్మాన్ జా కట్టించిన ఆ మహలు కూలిపోయి హైదరాబాద్‌లో ఒక పేట పేరుగా మిగిలింది. దాని లోపల ఎట్లుండేదో చూడాలంటే రాజా దీన్‌దయాళ్ తీసిన నలుపు తెలుపు ఫోటోల దగ్గరికి పోవాలె. అతిథులను కూర్చోబెట్టే హాలు. కుర్చీలు, సోఫాలు, పైన షాండ్లియర్లు. మనిషి జాడ లేదు. అయినా ఆ ఫోటో ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు.

దీన్‌దయాళ్ అనగానే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువు, వేటాడిన పులి పక్కన, దాని మీద కాలు మోపకపోయినా మోపినంత దర్పంతో నిలబడ్డ వైస్రాయ్ కర్జన్ ప్రభువు గుర్తొస్తారు. నేనైతే ఆయన పనితనానికి అసలు పరీక్ష ఈ ఖాళీ హాళ్ళే అంటాను. ఫోటోలో మనిషి ఉంటే మన చూపు ముందు ముఖం మీదికి పోతుంది, చుట్టూ ఉన్న తప్పులు కొన్ని కనబడకుండా పోతాయి. ఖాళీ గదిలో తప్పు దాచుకునే చోటు లేదు. ఒక స్తంభం కాస్త ఒరిగినా, ఒక కిటికీ తెల్లగా మండిపోయినా ఫోటో చెడిపోయినట్టే.

ఆయన స్తంభాలు ఒరగవు. ఎందుకంటే ఆయన చేయి ముందుగా గీతల మీద తిరిగిన చేయి. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేశాడు. కెమెరా పట్టింది ఆ తర్వాతనే. ఎత్తయిన హాలును తీయడానికి కెమెరాను పైకి వంచితే గోడలు పైన దగ్గరికి వచ్చి గది వెనక్కి పడుతున్నట్టు కనబడుతుంది. అందుకే ఆ కాలపు పెద్ద కెమెరాలో పెట్టెను కదపకుండా, ముందున్న లెన్సు పలకను మాత్రమే పైకి జరుపుతారు. నల్లగుడ్డ కప్పుకొని చూస్తే గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా ఉంటుంది. షాండ్లియర్ కింద, నేల పైన. ఆ స్థితిలో కప్పు ఎంత రావాలి, నేల ఎంత రావాలి అని తూచడం నక్షాలు గీసినవాడికి అలవాటైన లెక్క.

ఇంకో సంగతి. ఆయన నేర్చుకునే నాటికి ఫోటోగ్రఫీ అంటే తడి పలక. గాజుకు మందు పూసి, అది ఆరేలోపే ఫోటో తీసి, వెంటనే కడగాలి. వెలుతురు చాలని గదిలో నిమిషాల తరబడి లెన్సు తెరిచి ఉంచుదామంటే పలకే ఆరిపోతుంది. 1880ల నాటికి పొడి పలకలు వచ్చి ఆ చిక్కు తీర్చాయి. గది ఎంత చీకటిగా ఉన్నా తొందర అక్కర లేదు. దీన్‌దయాళ్ హైదరాబాద్ చేరింది సరిగ్గా ఆ రోజుల్లోనే. కొత్త సాధనం ఇచ్చిన తీరికను ఆయన ఓపికగా వాడుకున్నాడు.

కానీ ఆ పలకలకు ఒక గుణం ఉంది. నీలపు వెలుగును గబుక్కున పట్టుకుంటాయి, ఎరుపు వాటికి దాదాపు కనబడదు. ఎర్ర తెర, ఎర్ర తివాచీ నల్లటి మడుగులైపోతాయి. కిటికీలోంచి వచ్చే ఆకాశపు వెలుగేమో అంచులు దాటి గోడ మీదికి పాకుతుంది. నల్లటి మూలలో కుర్చీ కోడు కనబడాలంటే ఎక్కువసేపు తెరవాలి. తెరిస్తే కిటికీ పొంగిపోతుంది. ఏ తలుపు మూయాలి, ఏ తెర సగం లాగాలి, ఏ గంటకు ఎండ ఏ గోడ మీదికి వస్తుంది అన్నది ముందే తెలుసుకోవాలి. అద్దాలున్న హాలైతే స్టాండు, కెమెరా పెట్టె వాటిలో పడకుండా పక్కకు జరగాలి. ఇవన్నీ కుదిరినప్పుడే అంచులో ఉన్న కుర్చీ చెక్కడం వేలితో తడిమి చూడవచ్చనిపిస్తుంది. ప్రింటు పెద్దది చేసి వేసే పద్ధతి కాదు అది. పలక ఎంతో ప్రింటూ అంతే. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగెటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవారు. అందుకే అంత నిశితం.

ఆ హాలు ఊడ్చినవాళ్ళు, ఒక్కొక్క గాజు దీపం దించి తుడిచి మళ్ళీ వేలాడదీసినవాళ్ళు ఫోటోలో లేరు. వాళ్ళ పని మాత్రం ప్రతి అంగుళంలో ఉంది. కరీంనగర్ పల్లెల్లో గడీల వెట్టి సంగతి వింటూ పెరిగినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. ఖాళీ హాలు ఫోటో తర్వాతి కాలంలోనూ గొప్పవాళ్ళను పట్టుకుంది. జపాన్‌కు చెందిన ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1970ల చివర్లో సినిమా థియేటర్లలో స్టాండు వేసి, సినిమా మొదలైనప్పుడు లెన్సు తెరిచి, అయిపోయాక మూశాడు. తెర తెల్లటి పలక అయింది. ఆ వెలుగులోనే హాలు గోడలూ కుర్చీల వరసలూ బయటపడ్డాయి. నా మటుకు దీన్‌దయాళ్ తక్కువవాడు కాడు. ఆయనకు తెర వెలుగు కూడా లేదు, కిటికీ ఒక్కటే.

మన దిక్కున తీయాల్సినవి ఇంకా ఉన్నాయి. ఫంక్షన్ హాళ్ళుగా మారకుండా మిగిలిన పాత టాకీసులు, ఏళ్ళుగా మూతపడ్డ ఆదిలాబాద్ సిమెంట్ ఫ్యాక్టరీ, కాగజ్‌నగర్ స్టేషన్ వెయిటింగ్ రూమ్, పైకప్పు కురుస్తున్న గడీల కచేరీ అర్రలు, పాత తాలూకా లైబ్రరీలు. నలుపు తెలుపు ఫిల్ము ఇప్పటికీ తయారవుతున్నది. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 రీలు, ఊగని స్టాండు, షట్టర్ నొక్కే తీగ ఉంటే చాలు. ఫిల్ము చీకట్లో మందగిస్తుంది గనుక వెలుతురు కొలిచే మీటరు 10 సెకన్లు చూపితే 20 ఇవ్వండి. పొద్దున వెళ్ళండి, అనుమతి తీసుకుని వెళ్ళండి. నెగెటివ్ కవరు మీద ఊరు, గది పేరు, తేదీ రాయడం మరువకండి.