అడుగు నిలిపి, బంతి విడిచి

బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి పేజ్ బెకర్స్ ఆటలో నన్ను కట్టిపడేసేది ఆమె పరుగు కాదు, ఆ పరుగును ఆపే తీరు. డ్రిబుల్ చేస్తూ బాస్కెట్ వైపు దూసుకెళ్తుంది. అడ్డుకోవలసిన అమ్మాయి ఆమెకన్నా ముందే అక్కడికి చేరాలని వెనక్కి వెనక్కి పరుగెడుతుంది. సరిగ్గా అప్పుడు, బాస్కెట్ ఇంకా పది పన్నెండడుగుల దూరంలో ఉండగా, బెకర్స్ నిలిచిపోతుంది. అవతలి అమ్మాయి ఒంటి బరువు ఇంకా వెనక్కే పోతుంటుంది. ఆ మధ్యలో దొరికిన జానెడు చోటు చాలు, ఈమె నిటారుగా లేచి బంతి వదిలేస్తుంది. కబడ్డీలో కూతకెళ్ళినవాడు చటుక్కున కాలు నిలిపి, మీదికొచ్చినవాణ్ణి బోల్తా కొట్టించడం చూసినవాళ్ళకు ఈ విద్య లోతు తెలుస్తుంది.

ఇలా ఆగినప్పుడల్లా భారం మోకాళ్ళ మీదే పడుతుంది. ఆ కుదుపులో కింది కాలి ఎముక ముందుకు జారకుండా మోకాలి లోపల పట్టి ఉంచే కట్టు పేరే ఏసీఎల్. బెకర్స్‌కు తెగింది అదే.

అది తొలి దెబ్బ కూడా కాదు. మిన్నెసోటా నుంచి కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి, అందరూ యూకాన్ అనే ఆ జట్టుకు వచ్చిన మొదటి ఏడాదే ఆమె ఏటా ఉత్తమ క్రీడాకారిణికిచ్చే నెయిస్మిత్ అవార్డు గెలిచింది. మహిళల కాలేజీ ఆటలో మొదటి ఏడాది విద్యార్థినికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2021 డిసెంబరులో నోటర్ డేమ్‌తో ఆడుతుండగా ఎడమ మోకాలి దగ్గర ఎముక చిట్లింది. ఫిబ్రవరిలో తిరిగొచ్చి, మార్చిలో నార్త్ కరోలినా స్టేట్ మీద రెండు ఓవర్‌టైముల పోరులో 27 పాయింట్లు చేసింది. ఆగస్టులో మళ్ళీ అదే మోకాలు, ఈసారి ఏసీఎల్. 2022-23 సీజనంతా బెంచీ మీదే. వరుసగా 14 సార్లు ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్, చేరిన యూకాన్ ఆ ఏడాది చేరలేకపోయింది.

584 రోజుల తర్వాత, 2023 నవంబరు 8న, డేటన్‌తో ఆటలో ఆమె మళ్ళీ కోర్టులో దిగింది. చేసినవి 8 పాయింట్లే, జట్టు గెలిచింది 102-58తో. పాయింట్లకన్నా నేను వెతికింది ఆ ఆగడం కోసం. సీజన్ సాగేకొద్దీ అది తిరిగొచ్చింది, పైగా మునుపటికన్నా తొందర లేకుండా.

అయితే ఆమె పనితనానికి అసలు పరీక్ష మరోటి. అదే నెలలో సహచరి అజీ ఫడ్‌కు ఏసీఎల్ తెగింది. తర్వాత ఒక్కొక్కరే గాయాలతో తప్పుకున్నారు. పొడగరులు కరువయ్యారు. కోచ్ జీనో ఆరియెమ్మా, గార్డుగా ఆడవలసిన ఈ ఆరడుగుల పిల్లను చాలాసార్లు ఫార్వర్డ్ స్థానంలో నిలబెట్టాడు. తనకన్నా బలమైనవాళ్ళతో భుజం భుజం ఒరుసుకుంటూ రీబౌండ్ల కోసం లేచింది, షాట్లు అడ్డుకుంది. గాయపడి కోలుకున్న మోకాలితో చేసిన కూలీ అది. ఆ పని చేస్తూనే సగటున 21.9 పాయింట్లు సాధించింది. అరకొర జట్టు ఫైనల్ ఫోర్ దాకా వెళ్ళి, అయోవా చేతిలో 71-69తో ఓడింది.

ఆమె పాసుల గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే. ఇద్దరు చుట్టుముట్టాక బంతి వదిలేవాళ్ళు చాలామంది. రెండో మనిషి తన వైపు కాలు కదపగానే, ఆ మనిషి వదిలేసి వచ్చిన చోటికి బెకర్స్ బంతి పంపేస్తుంది. అందుకునే అమ్మాయి చేతులు సర్దుకోనక్కర్లేదు. షాటుకు లేపే ఎత్తులోనే బంతి వచ్చి కూర్చుంటుంది. పక్కవాళ్ళు ఆమెతో ఆడినప్పుడు మెరుగ్గా కనబడడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

2024లోనే ప్రొఫెషనల్ లీగుకు వెళ్ళిపోయే వీలున్నా ఇంకో ఏడాది ఉండిపోయింది. 2025లో ఓక్లహోమాపై 40 పాయింట్లు, అదే ఆమె కాలేజీ ఆటలో అత్యధికం. ఏప్రిల్ 6న టాంపాలో సౌత్ కరోలినాను 82-59తో ఓడించి, 2016 తర్వాత యూకాన్ మళ్ళీ చాంపియన్ అయింది. ఆ ఫైనల్లో సహచరి సారా స్ట్రాంగ్ 24, గాయం నుంచి తిరిగొచ్చిన అజీ ఫడ్ 24 పాయింట్లు చేశారు. బెకర్స్ చేసినవి 17.