టికెట్టు తీసే నేర్పు

తక్కువ ధర ఎవరైనా వెతుకుతారు. మంచి ట్రావెల్ ఏజెంటు ఆ ధర వెనక ప్రయాణాన్ని చూస్తాడు. హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో లండన్ వెళ్లేవాళ్లకు రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలని పట్టుబడతాడు. వేర్వేరు కంపెనీల్లో విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనా రెండోవాళ్లకు పట్టదు. గాట్విక్‌లో దిగే చవక టికెట్టుకు ఊళ్లోకి రైలు ఖర్చు కూడా కలిపి చూపిస్తాడు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు వీల్‌చైర్ ముందే చెప్పి పెడతాడు.

దిగిన రోజును ఖాళీగా వదిలేయడం నాకు మరీ నచ్చుతుంది: థేమ్స్ ఒడ్డున కాసేపు నడక, పెందలాడే నిద్ర. బ్రిటిష్ మ్యూజియంను శుక్రవారం సాయంత్రానికి పెడతాడు. ఆ రోజు రాత్రి 8:30 దాకా తెరిచే ఉంటుంది, ప్రవేశం ఉచితం. అక్కడ మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయని చెప్పి మరీ పంపే ఏజెంటుకు దండం పెట్టాలి.